పక్కనున్నమ్మ లోయవైపు తిరిగిన కథ

ఎద్దుల మీద ఉప్పు వేసుకొని తీరం నుంచి ఈ కొండ మీదుగా వెళ్లే అలవాటు ఇప్పుడు ఎవరికీ లేదు. నేడు ఘాట్ రోడ్డున వచ్చేవారు చల్లగాలికీ, నాలుగు రోజుల విశ్రాంతికీ వస్తారు. కొండ అంచున ఉన్న పక్కనున్నమ్మ గుడిలో వారికి మొదట కనిపించేది అమ్మవారి వీపు. ఆమె లోయవైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. ఎదుట నిలబడడానికి జానెడు చోటైనా లేదు. భక్తులు ఆమె పక్కన కూర్చుని, ఆమె చూసేదే చూస్తారు. ఇక్కడ దర్శనమంటే అదే.

పూర్వం ఇక్కడ గుడి లేదు. అమ్మవారి రాతి విగ్రహం దారివైపు తిరిగి ఉండేది. పైడయ్య, అసిరమ్మ అనే దంపతులు ఏటా ఉప్పుతో ఈ దారిన వెళ్లేవారు. ఒక్క పూట ఆగి ఈ లోయను చూద్దామని అసిరమ్మ ప్రతిసారీ అడిగేది. మంచుకు ఉప్పు కరిగిపోతుందని పైడయ్య ఎద్దులను అదిలించేవాడు. ఒక శీతకాలం ఆమె తీవ్రమైన జ్వరంతో ఈ అంచుననే కూలబడింది. పైడయ్య ఉప్పు మూటలు దించి, ఆమె ప్రాణం నిలపమని వేడుకొంటూ విగ్రహం చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టాడు.

"గానుగెద్దునాగ ఎంతసేపు తిరుగుతావు మావా? ఇలాగొచ్చి కూకో" అంది అసిరమ్మ.

"అమ్మోరు సూపు మన మీద పడాల కదే. నువ్వు మాటాడకుండా తొంగో."

"ఇన్నేళ్లూ నడు నడు అన్నోడు, ఇయేళ తొంగోమంటన్నాడు!" అని ఆమె నవ్వింది.

తిరిగి తిరిగి అలసి, తెల్లవారుజామున కునుకు తీసిన పైడయ్యకు అమ్మవారు కలలో కనిపించింది. "ఆమె ఆయువు తీరింది, నాయనా. దానిని పెంచడం నా వశం కాదు. ఆమె కోరినది ఈ ఒక్క పూట. నీవు నా ముఖం చూస్తున్నంతసేపూ ఆమె పక్కన ఎవరూ లేరు. అందుకే నేను వెళ్లి కూర్చుంటున్నాను" అంది.

కళ్లు తెరిచేసరికి విగ్రహం పాతచోట లేదు. అంచున, అసిరమ్మ పక్కన, లోయవైపు తిరిగి ఉంది. పైడయ్య వెళ్లి భార్యకు రెండో పక్కన కూర్చున్నాడు. మంచుకు ఉప్పు నీరై మూటల నుంచి కారింది. అతడు లేవలేదు. ఎండ లోయ అడుగుకు చేరిన వేళకు అసిరమ్మ అతని భుజం మీద తల వాల్చి కన్నుమూసింది. పైడయ్య మరి కొండ దిగలేదు. అమ్మవారికి రాళ్లు పేర్చి గుడి కట్టాడు. దారిన పోయేవారితో, "అమ్మోరు నాకు ఒక పొద్దు ఇచ్చింది" అని చేతులు జోడించి చెప్పేవాడట.

నేటికీ ఇక్కడ మొక్కులు లేవు. కలిసి వచ్చిన ఇద్దరికి కాల్చిన తేగను చీల్చి చెరి సగం ప్రసాదంగా ఇస్తారు. ఒంటరిగా వచ్చినవారికి రెండు ముక్కలూ ఇస్తారు. వారు ఒకటి తిని, రెండోది తమ పక్కన రాతి మీద ఉంచుతారు. అలా కూర్చుని లేచినవారికి, పోయినదాని దుఃఖం కంటే దక్కినదాని తృప్తి పెద్దదవుతుందని పెద్దల నమ్మకం. ఆ ఉదయం, కన్నుమూసే ముందు, అసిరమ్మ దారికని తెచ్చుకున్న కాల్చిన తేగ తొక్క ఒలిచి, చీల్చి, పెద్ద ముక్కను పైడయ్యకు ఇచ్చింది. ఇద్దరూ లోయను చూస్తూ తిన్నారు.