షుగర్ ఉందా, ఆంటీ?

అడిగిన ప్రశ్నకు అడిగినప్పుడే జవాబు చెప్పడం మంగతాయారు గారి ఇంటా వంటా లేదు. తణుకులో తన ఇంటి ముందుగదిలో ఆవిడ బ్యూటీ పార్లర్ నడుపుతున్న రోజుల్లో, శిష్యురాలు కుసుమ ఏ సందేహం అడిగినా "చూద్దాంలేవే" అని ఊరుకునేవారు. అడిగిన సంగతి కుసుమే మరిచిపోయాక, ఎవరి చెయ్యో ఎవరి కనుబొమ్మో చూపించి, జవాబు కుసుమ చేతే చెప్పించేవారు.

ఎంత బాగుండేవి ఆ రోజులు! చేతుల మీది నూగు తీసే వ్యాక్స్ డబ్బాలు ఊళ్ళో దొరికేవి కావు. కిరసనాయిలు స్టవ్ మీద పంచదార, నిమ్మరసం, కాసిని నీళ్ళు పోసి ఆవిడే పాకం పట్టేవారు. ముదిరితే రాయి, లేతగా ఉంటే జావ. సరిగ్గా తీగ సాగుతున్నప్పుడు దించాలి. ఆ వాసనకి చీమలూ వచ్చేవి, పక్కింటి పిల్లలూ వచ్చేవారు. పాకం మీద అద్ది లాగడానికి పాత పంచెలు చింపిన పట్టీలు ఉతికి దండెం మీద ఆరేస్తే, వీధిన పోయేవాళ్ళు ఈ ఇంట్లో పసిబిడ్డ ఉంది కాబోలు అనుకునేవారు. ఇప్పుడు కుసుమకి సొంత పార్లర్ ఉంది, ఏసీ ఉంది. అయినా ఎక్కడైనా పాకం వాసన తగిలితే ప్రాణం లేచొస్తుంది. ఆ వెంటనే మంగతాయారు గారు లేరన్న సంగతి గుర్తొస్తుంది.

ఆ రోజుల్లోనే ఒకసారి కుసుమ అడిగింది. "పిన్నిగారూ, గుర్తింపు ఉన్న కోర్సు చెయ్యాలండి. సర్టిఫికెట్ లేనిదే సొంత షాపు పెట్టుకోవడానికి బ్యాంకు వాళ్ళు మొహం కూడా చూడటం లేదు. రాజమండ్రిలో రెండు చోట్ల చెబుతున్నారు. ఎందులో చేరమంటారు?"

ఊరికే అడిగిన ప్రశ్న కాదది. కుసుమ భర్త లారీ డ్రైవరు. ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవాడు. అత్తగారు మాత్రం మనసున్న మనిషి. "ఆరు నెలలు నీ కొడుకుని నేను సాకుతానే. ఆపైన నా మోకాళ్ళు నా మాట వినవు," అని ముందే చెప్పేసింది. ఆ ఆరు నెలలూ సరైన చోట పడకపోతే కుసుమకి మళ్ళీ గడప దాటే యోగం లేదు.

"రెండింటికీ గుర్తింపు ఉందా?" అన్నారు మంగతాయారు గారు.

"ఉందండి. కాగితాలు నా కళ్ళతో చూశాను."

"అయితే కాగితాల గొడవ తీరిపోయింది. నేర్చుకునే పిల్లలకి చేతులు కావాలి కదా, నావి ఇద్దాం పద. ఒకళ్ళకి కుడిది, ఒకళ్ళకి ఎడమది."

మొదట వెళ్ళింది సత్యవేణి గారి దగ్గరికి. ఆవిడా మంగతాయారు గారూ చిన్నప్పుడు ఒకే చోట ఈ పని నేర్చుకున్న స్నేహితురాళ్ళు. మేడ మెట్లు ఎక్కుతుండగానే పాకం వాసన ఎదురొచ్చింది. స్నేహితురాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని, చెప్పుకున్న కబుర్లే మళ్ళీ చెప్పుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. ఈలోగా అక్కడ నేర్చుకునే అమ్మాయి ఒకతె మంగతాయారు గారి కుడిచెయ్యి అందుకుని, పాకం రాసి, పట్టీ అద్ది, చురుక్కుమనే లోపే లాగి, లాగిన చోట అరచెయ్యి అదిమింది. వంక పెట్టడానికి లేని పని. "మందూ లేదు మాకూ లేదు తాయారూ, అంతా షుగరే!" అని మురిసిపోయారు సత్యవేణి గారు. "నీ పిల్లంటే నా పిల్లే. సోమవారం నుంచి పంపించెయ్."

కుసుమకి పుట్టింటికి వచ్చినట్టుంది. ఇక రెండోది చూడటం దేనికి, దారిఖర్చు దండగ అనుకుంది. పైకి అనే ధైర్యం లేక వెనకాలే నడిచింది.

రెండోది గాజు తలుపుల ఇల్లు. వ్యాక్స్ వెచ్చబెట్టడానికి మిషను, అమ్మాయిలందరికీ తెల్లకోట్లు, ఏ వాసనా లేదు. కుసుమకి అక్కడ గాలి కూడా పరాయిగా తోచింది. రివటలాంటి అమ్మాయి ఒకతె మంగతాయారు గారిని కూర్చోబెట్టి, చెయ్యి ముట్టుకోకుండా ప్రశ్నలు మొదలుపెట్టింది. ఒంటికి ఏం క్రీములు రాస్తారు, ఏం మాత్రలు వేసుకుంటారు, అంటూ. చేతకానివాళ్ళే ఇలా కాలక్షేపం చేస్తారని కుసుమ లోలోపల విసుక్కుంది.

"షుగర్ ఉందా, ఆంటీ?" అని అడిగింది ఆ పిల్ల.

కుసుమకి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఎందుకు లేదమ్మా? మేం చేసేదే షుగర్‌తో. మీలా డబ్బాల్లోది కాదు. నిమ్మరసం పిండి, తీగపాకం పడతాం."

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ, "అది కాదక్కా. ఒంట్లో," అంది.

"పిన్నిగారికా? భలేదానివే! అలాంటివేం లేవు."

మంగతాయారు గారు గోడకేసి చూస్తూ, "ఉందమ్మా. చాలా ఏళ్ళుగా ఉంది," అన్నారు.

కుసుమ గిరుక్కున ఆవిడ వైపు తిరిగింది. తెల్లకోటు పిల్ల మెల్లగా చెప్పింది. "ఏమీ అనుకోకండి ఆంటీ. మీకు చర్మం కాస్త లేచినా తొందరగా మానదు. డాక్టరు గారిని అడిగి, ఆయన సరేనంటే రండి. నేనే చేస్తాను." దూరంగా నిలబడి వింటున్న వాళ్ళ టీచరు తల ఊపి, పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో మంగతాయారు గారి కుడిచెయ్యి నున్నగా మెరుస్తోంది. ఎడమచేతిని పమిట కప్పేసింది. కుసుమ ఆ చేతుల మీదే పని నేర్చుకుంది. కొత్తల్లో ఎన్నిసార్లు వేడి చూసుకోకుండా పాకం పోసిందో, ఒకే చోట ఎన్నిసార్లు పట్టీ లాగిందో. "పర్లేదులేవే, మళ్ళీ లాగు," అనేవారు ఆవిడ. ఆ తరవాత కొన్నాళ్ళు ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కునేవారు. అప్పట్లో కుసుమ దాన్ని షోకు అనుకునేది. ఇప్పుడు దుఃఖం ముంచుకొచ్చింది. నలుగురిలో ఏడవడం ఇష్టం లేక కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కొవ్వూరు దాటాక ఇటు తిరిగి, "గాజు తలుపుల చోటే చేరతానండి," అంది.

"చేరు. సత్యవేణికి నేను చెప్పుకుంటాలే," అన్నారావిడ. ఆ చెప్పుకోవడం ఎంత కష్టమో కుసుమకి తెలుసు. అయినా ఒక్క మాట మనసులో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"పిన్నిగారూ, పాకం నేర్పారు, పట్టీ నేర్పారు, లాగడం నేర్పారు. అంత ముఖ్యమైన ప్రశ్న మాత్రం నాకెందుకు నేర్పలేదు?"

మంగతాయారు గారు నున్నని చేతిని ఒళ్ళోకి తీసుకుని, రెండో చేత్తో ఒకసారి నిమురుకున్నారు.

"నన్నెవరూ అడగలేదే," అన్నారు.