హైమావతి గారి చేతిలో తాడు

రెండేళ్ళుగా రుత్విక్‌కు ఒకటే దిగులు. ఆఫీసుల వాళ్ళను అనంతగిరి కొండలకు తీసుకొచ్చి, తాళ్ళమీద నడిపించి, కలిసి పనిచెయ్యడం నేర్పే శిబిరంలో అతను శిష్యరికం చేస్తున్నాడు. ముడులన్నీ కళ్ళు మూసుకుని వేస్తాడు. మాటకారి. అయినా గురువు ఒక్క బ్యాచ్‌ను కూడా అతని చేతికి వదలడం లేదు.

గురువంటే పెంటయ్య గౌడ్. ముప్పై ఏళ్ళు నడుముకు మోకు బిగించి తాటిచెట్లెక్కిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక ఇక్కడి తాళ్ళకు పెద్దదిక్కయ్యాడు. రోజుకు పది మాటలాడితే ఎక్కువ, అందులోనూ సగం "జర ఆగు" అన్నవే.

ఆ శనివారం ఒక మందుల కంపెనీ నుంచి ఇరవై మంది వచ్చారు. రుత్విక్ వాళ్ళను ఎండలో నిలబెట్టి నమ్మకం గురించి నలభై నిమిషాలు దంచాడు. "కళ్ళు మూసుకోండి. గుండెల నిండా గాలి పీల్చండి. పక్కవాళ్ళ చేతుల్లో మిమ్మల్ని మీరు వదిలెయ్యండి!" ఆ తర్వాత తాడు పట్టడం గబగబా చూపించేసి, ముడి వెయ్యమన్నాడు.

స్టోర్స్ సెక్షన్ హైమావతి గారికి యాభై దాటాయి. ఆవిడ వేసిన ముడి మూడుసార్లూ జారిపోయింది.

"మేడమ్, ఈ ముడికి మేకపిల్ల కూడా ఆగదు!" అన్నాడు రుత్విక్.

అందరూ పగలబడి నవ్వారు, వాళ్ళ మేనేజరు అందరికంటే గట్టిగా. ఆవిడా నవ్వింది గానీ, పాపం, అదేం నవ్వు! మెల్లగా వెళ్ళి వెనక వరుసలో నిలబడింది.

చాయ్ వేళకు రుత్విక్ గురువును పట్టుకున్నాడు. "కాకా, నాకింక ఏం తక్కువైంది? రేపటి బ్యాచ్ నాకియ్యరాదు?"

పెంటయ్య గ్లాసు కింద పెట్టి, నలభై అడుగుల కంబం వైపు చెయ్యి చూపించాడు.

"ఎక్కు. దుంకి సూపియ్యి."

ఇంతేనా అనుకున్నాడు రుత్విక్. కంబం కొసన నిలబడి గాల్లోకి దూకాలి, కిందనుంచి ఒకరు తాడుతో ఆపాలి. అతనికది మంచినీళ్ళ ప్రాయం. అతను దూకినప్పుడల్లా తాడు పట్టేది పెంటయ్యే మరి. కోతిలా ఎగబాకాడు, రెండు పాదాలు పట్టేంత చెక్కమీద నిలబడ్డాడు, చేతులు చాచి కిందికి చూశాడు.

తాడు హైమావతి గారి చేతుల్లో ఉంది.

నిజానికి ఆవిడ వెనక, చింతచెట్టు చాటున, తాడు కొసను నడుముకు చుట్టుకుని పెంటయ్య కూర్చునే ఉన్నాడు. ఆ సంగతి కిందివాళ్ళందరికీ తెలుసు. పైనుంచి మాత్రం కనబడదు.

"కాకా! తాడు నువ్వు పట్టు!"

"ఇంకో చాయ్ తాగుతున్న," అని చెట్టు చాటునుంచి వినబడింది.

రుత్విక్ కాళ్ళకింద కంబం ఊగింది. "మేడమ్, పొద్దున నేనేదో నోరు జారి..."

"ఏంటండీ? వినబడట్లేదు!"

"కళ్ళు మూసుకోండి సార్! గుండెల నిండా గాలి పీల్చండి!" అని మేనేజరు అరిచాడు. మిగతా పద్దెనిమిది మందీ అందుకున్నారు. "నమ్మకం సార్, నమ్మకం!"

కళ్ళు మూసుకుంటే తల ఇంకా తిరిగింది.

"మేడమ్, తాడు ఎలా పట్టుకున్నారు?"

"పొద్దున మీరు నేర్పినట్టే పట్టుకున్నానండీ!"

అప్పుడు పడింది అతని గుండెల్లో రాయి. నమ్మకం గురించి చెప్పిందంతా పొల్లుపోకుండా గుర్తుంది. తాడు పట్టడం గురించి ఏం చెప్పాడో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

వచ్చిన దారినే దిగిపోదామా అనుకున్నాడు. దిగితే రేపటి బ్యాచ్‌కే కాదు, అన్ని బ్యాచ్‌లకూ నీళ్ళు వదులుకోవాల్సిందే.

"మేడమ్, కుడిచెయ్యి తుంటి దగ్గరికి దించండి."

"దించాను."

"ఎడమచెయ్యి పైన. తాడు వదులైతే లాగండి. కుడిచెయ్యి మాత్రం నేను చెప్పేదాకా వదలొద్దు. ఒకసారి చేసి చూపిస్తారా?"

ఆవిడ చేసింది, కుదరలేదు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ కుదరలేదు. ఇంకా చిన్న చిన్న మాటల్లో, విసుక్కోకుండా చెప్పాడు. కాళ్ళకింద జానెడు చెక్క ఉన్నవాడికి విసుగెక్కడినుంచి వస్తుంది! చివరికి కుదిరింది.

దూకాడు.

తాడు టక్కున ఆపింది. గాల్లో రెండు ఊపులు ఊగాక, అతను చెబుతుంటే ఆవిడ జానా బెత్తెడు చొప్పున కిందికి దించింది. రుత్విక్ నేలమీద చతికిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మేనేజరు సెల్ఫీకి పరిగెత్తుకొచ్చాడు. హైమావతి గారు మాత్రం కదల్లేదు. కుడిచెయ్యి తుంటి దగ్గరే ఉంది, వేళ్ళు తెల్లబడిపోయాయి.

"ఇంక వదలొచ్చా అండీ? మీరు చెప్పేదాకా వద్దన్నారు."

రుత్విక్ సిగ్గుపడి రెండు చేతులూ జోడించాడు. "వదలండమ్మా," అన్నాడు.

చెట్టు చాటునుంచి పెంటయ్య నడుముకు చుట్టిన తాడు విప్పుకుంటూ లేచి వచ్చాడు. అది చూశాక గానీ రుత్విక్‌కు అసలు సంగతి అర్థం కాలేదు. కాస్త ఊపిరి కుదుటపడ్డాక ఉండబట్టలేక అడిగాడు.

"కాకా, మరి రేపటి బ్యాచ్?"

"నన్నడుగుతవేంది?" అన్నాడు పెంటయ్య. "నీ పానం పట్టుకున్నామె గాడ ఉన్నది. పొయ్యి అడుగు."