వేకువమ్మ పడుగు కథ

వాకిట కల్లాపి చల్లవలయును. గంజి కాచి చల్లార్చవలయును. నిలువు నూలు పడుగును వీధి పొడవునా సాచి, కుంచెతో గంజి పట్టించవలయును. ఇవన్నియు సూర్యుడు రాకమునుపే కావలయును. ఏలయన, ఎండ తగిలిన గంజి బిగిసి పోగులను తెంపును.

ఒక సాలెపల్లె వాడుకను తృణపాదముని ఇట్లు చెప్పగా, మౌనకేతుడను ముని వేకువ అనగా ఏమి, దానిని ఎట్లు వాడుకొనవలెనని అడిగెను. రాత్రి వెళ్లి, పగలు ఇంకను రాని వేళయే వేకువ. అది ఎవరి సొత్తును కాదు గనుక అందు మొదటి పని పరులకు చేయవలెనని చెప్పి, తృణపాదుడు ఈ కథ వినిపించెను.

ఆ పల్లెలో ఎవరు పడుగు సాచినను వీధివారు పిలువకయే వచ్చి పట్టుదురు. నారపయ్య మాత్రము పోడు. అమ్మవారికి జాతర చీర నేయు హక్కు తన వంశముదని అతనికి గర్వము. భార్య భద్రమ్మ లేపబోయినను, "ఎవరి పడుగు వాళ్ళు చూసుకుంటార్లేవే, పడుకోనీ" అని ముసుగు తన్నెడివాడు.

జాతర దగ్గరపడెను. అతని పడుగునకు ఎవరును రారైరి. ఆలుమగలిద్దరే కుంచె లాగుచుండగా ఎండ వచ్చెను, పోగులు తెగెను. మరల సాచిరి, మరల తెగెను. ఇక ఒక్క పడుగునకే నూలు మిగిలెను. అదియు చెడినచో హక్కు వేరొక ఇంటికి పోవునని పెద్దలు చెప్పిరి.

నిద్రపట్టని భద్రమ్మ వేకువనే వాకిటికి వచ్చెను. మంచులో ఒక అవ్వ తెల్లని పడుగు సాచి ఒంటిగా నిలిచియుండెను. దాని రెండవ కొస కానరాదు.

"ఓ చెయ్యి వెయ్యవే తల్లీ, పొద్దొచ్చేస్తోంది" అనెను అవ్వ.

భద్రమ్మ తన గోడు మరచి కుంచె అందుకొనెను. నడిచినకొలది పడుగు సాగెను. కుంచె పోయిన చోటెల్ల మంచు పలుచనై, ఇండ్ల కప్పులు, చెట్లు, ఆపైన తూర్పు తేటపడెను. పొద్దు పొడుచునప్పటికి అవ్వ లేదు, పడుగు లేదు. అరచేతిలో తడి మాత్రముండెను.

ఆమె వచ్చి భర్తకు చెప్పెను. "అది మన పడుగు కాదని నాకు తోచనే లేదయ్యా. నువ్వైతే ఏమనేవాడివో" అనెను. 

మరునాటి వేకువ నారపయ్య ఎదురింటి గంగులు పడుగు వద్దకు పోయి నిలిచెను. గంగులు చూచి, "ఏం బావా, నిద్దట్లో నడిచొచ్చావా" అనగా వీధి నవ్వెను. నారపయ్యయు నవ్వి కుంచె పట్టెను. ప్రతి వేకువ అట్లే చేసెను. తుదకు తన కడపటి పడుగు సాచి, ఎవరిని పిలువను నోరాడక నిలిచియుండగా, గంగులు ముందు వచ్చెను, వెనుక వీధియంతయు వచ్చెను. ఎండ వచ్చునప్పటికి పడుగు ఆరెను, ఒక్క పోగు తెగలేదు. జాతరనాడు అమ్మవారు ఆ చీరయే కట్టెను.

తోడు లేనివారు, చేసిన పని కలసిరానివారు, పొరుగువారితో మాటలు మానినవారు, అవ్వయై వచ్చిన ఆ వేకువమ్మ పేర ఈ వ్రతము చేయవలెను. వేకువనే దీపము పెట్టి, పొరుగింటి పని ఒకటి ముగించి, తరువాతనే తమ పనికి పోవలెను. అట్టివారి ఇంట నూలు తెగదు, చుట్టరికమును తెగదు.

అక్షతలు తలపై వేసికొనుటకు ముందు, ఏ వేకువనో మీకంటె ముందు లేచి మీకు నీళ్లు కాచినవారిని తలచుకొనుడు. వారిప్పుడు లేకున్నను, పేరు పెట్టి తలచుకొనుడు.