రాణిగారి చేప

కన్నుమూసిన రాణిగారు పెంచిన బంగారు చేప గాజుతొట్టిలో పొట్ట ఉబ్బి పక్కకు ఒరిగింది. "ఇది చస్తే నీ తల తీయిస్తాను," అన్నాడు రాజు, తొట్టి చూసుకునే నూకాలుతో. అంటూనే దిగులుగా మరో గుప్పెడు మెతుకులు వేశాడు.

ఆ తిండే రోగమని నూకాలుకు తెలుసు. పెట్టేది రాజు చెయ్యి. వద్దనేదెవరు?

"దీనికి మెతుకు వేసినవారు ఆ రోజంతా పస్తుండాలి ప్రభూ. అప్పుడే నయమవుతుంది," అంది చేతులు జోడించి.

రాజు ఆ రోజు పస్తున్నాడు. మర్నాడు మెతుకులతో తొట్టిదాకా వచ్చి, ఆకలికి ఓర్చుకోలేక వెనుదిరిగాడు. రాజు మెప్పుకోసం మేపే కొలువువాళ్లు అసలు ఆ ఛాయలకే రాలేదు. కొన్నాళ్లకు పొట్ట తగ్గి చేప హాయిగా ఈదింది.

"ఏం మందు వేశావు?"

"తమరు వెయ్యని మెతుకులే మందు ప్రభూ."

రాజు కళ్లు చెమర్చాయి. "నేనది ప్రేమనుకున్నానే!"

"ప్రేమే ప్రభూ. చేప పొట్టలో పట్టలేదంతే."