తాబేలు తొక్కిన దారి

ఆ యూనివర్సిటీలో లైబ్రరీ వెనక తలుపు దాటితే చాలు, అడవి మొదలవుతుంది. నలభై ఎకరాల చిట్టడవి. గుండ్రాళ్ల గుట్ట, దాని కింద చిన్న చెరువు, చుట్టూ తంగేడు, సీతాఫలం పొదలు. వాటి మధ్య తొమ్మిది కాలిబాటలు. మూడింటికి యూనివర్సిటీ వాళ్లు రాళ్లు పరిచారు. మిగతా ఆరూ, పరీక్షల రోజుల్లో పుస్తకం పట్టుకుని కలలో నడిచినట్టు నడిచే విద్యార్థుల కాళ్ల కింద వాటంతటవే పుట్టాయి. ఒకే చోట ఇరవై రోజులు నడిస్తే అక్కడ గడ్డి పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది.

ఈ సంగతి అందరికంటే బాగా కనిపెట్టింది నక్క. ఏ బాట పట్టుకుని పోయినా చివర ఒక బెంచీ, బెంచీ కింద ఎవరో తినగా మిగిలిన సమోసా ముక్క. తొమ్మిది బాటలు, తొమ్మిది బెంచీలు. లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. దారంటూ ఉంటే దాని చివర తిండి ఉన్నట్టేనని ఎదురుపడిన ప్రతివాళ్లకూ పాఠం చెప్పేది.

మోదుగు పూలు రాలే రోజుల్లో ఒక సాయంత్రం, డిప్ప నిండా నక్షత్రాలున్న తాబేలు జానెడు లోతు గుంత తీసి నాలుగు గుడ్లు పెట్టింది. మట్టి కప్పింది. పొట్టతో దిమ్మిస కొట్టినట్టు అణిచింది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆ వెంటనే ఒక జల్లు పడి వాసనను కూడా కడిగేసింది. పిల్లలు బయటికి రావాలంటే నూటపది రోజులు. అన్నాళ్లూ ఆ నాలుగు గుడ్లకూ మట్టి తప్ప కాపలా లేదు. చోటు తాబేలుకు తప్ప ఎవరికీ తెలీదు.

కౌజు పిట్టకు ఈ పద్ధతి అసలు నచ్చలేదు. తన గుడ్ల మీద ఇరవై రోజులు కదలకుండా కూర్చున్న తల్లి అది. చెరువు గట్టున తాబేలు కనపడగానే నిలదీసింది.

"ఏం తల్లివక్కా నువ్వు? నాలుగు గుడ్లు పెట్టి, ఉన్నాయో పోయాయో చూసుకోకుండా షికార్లు తిరుగుతున్నావా?"

తాబేలు గడ్డి కొరుక్కుంటూ ముందుకు నడిచింది. పొదచాటున నక్క చెవులు మాత్రం నిక్కాయి.

నక్క మొదట తియ్యగా అడిగి చూసింది. ఉడుములు తిరుగుతున్నాయని, చోటు చెబితే తాను పగలంతా కాపలా ఉంటానని అంది. తాబేలు తల లోపలికి లాక్కుంది. నక్క నవ్వి, తాబేలుకు వినపడనంత దూరం వచ్చాక కౌజుతో అంది.

"చెప్పకపోతే పోనీ. తల్లి మనసు ఎన్నాళ్లు ఊరుకుంటుంది? రోజూ వెళ్లి చూసుకుంటుంది. నలభై రోజుల్లో గడ్డే నాకు దారి చూపిస్తుంది."

కౌజు నోట్లో మాట నిలవదు. గంట తిరిగేలోపు అది తాబేలుకు చేరింది.

తాబేలు ఆ రోజంతా చెరువు నీళ్లలో మబ్బులు నడుస్తుంటే చూస్తూ కూర్చుంది. మర్నాడు గుట్ట కిందికి వెళ్లింది. అక్కడ గడ్డి కమ్మిన బొరియలో ముళ్లపంది ఉంటుంది.

"మామా, రోజూ నీ వెనక గుమ్మం దాకా నడిచొచ్చి పోతాను. నువ్వేం పలకరించనక్కర్లేదు."

"రా అమ్మా, నాదేం పోయింది. పగలంతా నిద్రలోనే ఉంటాను," అంది ముళ్లపంది ఆవులిస్తూ. "ఎవరైనా నన్ను లేపితే మాత్రం, ఆ తర్వాత జరిగేదానికి నన్ననొద్దు."

"అనను మామా."

ఆ రోజు నుంచి తాబేలు నడక మొదలైంది. చెరువు గట్టు నుంచి గుట్ట దాకా మనిషికి తొంభై అడుగులు, తాబేలుకు పదకొండు వందలు. రోజుకు రెండుసార్లు పోవడం, రెండుసార్లు రావడం. చేతికి గడియారం కట్టుకుని పదివేల అడుగులు లెక్కపెట్టుకునే వాళ్లు దాన్ని దాటిపోతూనే ఉన్నారు. పొద్దున పొగమంచులో నడిచింది. మధ్యాహ్నం ఎండ పాలలా చిక్కబడితే నీడలో ఆగి, మళ్లీ నడిచింది. రాలిన మోదుగు పూలు డిప్ప మీద పడి, కొంతదూరం దానితోపాటు ప్రయాణం చేసేవి.

గట్టు మీద పెద్ద తంగేడు పొద ఉంది. అక్కణ్ణుంచి బాటలన్నీ కనిపిస్తాయి. నక్క దాని కింద పడుకుని, కళ్లు సగం మూసి, గడ్డి పలచబడటం చూసేది. బయల్దేరే ముందు తాబేలు రోజూ ఆ పొదవైపు ఒక్క క్షణం మెడ చాపేది. నన్ను చూసి భయపడుతోంది పాపం అనుకునేది నక్క.

నలభై రోజులు. లక్షా డెబ్బై ఆరు వేల అడుగులు. అరచేయంత వెడల్పున నున్నటి దారి పడింది.

నలభై ఒకటో రోజు పొద్దున నక్క లేచి ఒళ్లు విరుచుకుంది. తాబేలు దారి వెంట దర్జాగా నడిచింది. దారి ఆగిన చోట గడ్డి తోసి, గబగబా తవ్వి, మూతి లోపలికి పెట్టింది.

లోపల ముళ్లపంది నిద్ర లేచింది.

ఆ పూట లైబ్రరీ దాకా వినపడిన అరుపు ఎవరిదో అడవిలో ఎవరూ అడగలేదు. మూతిలో పదమూడు ముళ్లతో గుట్ట అవతలికి పారిపోయిన నక్క, ఆ తర్వాత బాట కనిపిస్తే చాలు పక్కకు తప్పుకునేది. సమోసా వాసన వచ్చినా సరే. చెరువు వైపు మరి రాలేదు.

నూటపదో రోజున వాన పడింది. గట్టు మీద తంగేడు పొద కింద, నక్క పడుకుని పడుకుని గట్టిపడ్డ నేల మెత్తబడి బీటలిచ్చింది. అందులోంచి రూపాయి బిళ్లంత నక్షత్రాలు నాలుగు ఒకదాని వెనక ఒకటి బయటికి నడిచాయి.

కౌజు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. "ఇక్కడేనా అక్కా? అది నలభై రోజులు వీటి మీదే పడుకుందా?"

"కాపలా ఉంటానంది కదా చెల్లీ, ఉంది. ఒక్క ఉడుము ఇటు రాలేదు."

"మరి నువ్వు చూడకుండా ఎలా ఉండగలిగావు?"

తాబేలు చాలాసేపు పిల్లల వైపే చూసింది. ఆ నాలుగు నెలల్లో చూడనిదంతా ఇప్పుడు చూసుకుంటున్నట్టు చూసింది.

"నా కాళ్లు ఇటు వస్తే దాని కళ్లూ ఇటే వచ్చేవి. అందుకే అన్ని అడుగులూ అటు వేశాను."

ఇంకొకరి అడుగులను మాత్రమే లెక్కపెట్టేవాడికి తన కాళ్ల కింద ఏముందో తెలియదు.