చెవిలో చెప్పే చోటు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక దుప్పుల మంద. ఇది నవ్వులాట కథ కాదర్రా, మధ్యలో గిల్లుకోకుండా వినండి.

ఆ మందకి కాపలా ఒక ముసలి కొండముచ్చు. అందరూ దాన్ని నల్లమూతి అవ్వ అనేవాళ్ళు. ఇప్పచెట్టు చివరి కొమ్మన కూర్చుని నలుదిక్కులా చూసేది. దుప్పుల్ని వేటాడే రేచుకుక్కల జాడ కనబడితే చాలు, "ఖక్! ఖక్!" అని అరిచేది. అందుకు కూలిగా ఆ చెట్టు కింద రాలిన పువ్వంతా అవ్వదే.

తల్లిదుప్పులు పొద్దున్నే కూనల్ని గడ్డిలో దాచి మేతకి పోతాయి కదా. పోయే ముందు, ఏ పొదలో దాచిందీ అవ్వ చెవిలో చెప్పి పోయేవి. ఇంకెవరికీ చెప్పేవి కావు. కుక్కలొస్తే అవ్వ ఆ పొద పక్కకి గెంతి, కొమ్మలు విరిచి, గోల చేసి వాటిని దారి మళ్ళించేది.

ఆ మందకి పెద్ద, కొమ్ముల దొర అనే మగదుప్పి. ఒకనాడు పై కొండకి వెళ్ళొచ్చాడు.

"అవ్వా, వానాకాలం కుక్కలు కనబడవు. ఊరికే కూర్చునేదానికి ఏటేటా చెట్టెడు పువ్వా? పై కొండ మందలన్నీ ఇప్పుడు రోజుకొకరి చొప్పున పూటకాపలాలే పెట్టుకుంటున్నాయి. మనమూ ఇక అంతే" అన్నాడు.

"మరి కూనల మాటో?" అంది అవ్వ.

"కాపలా అంటే అరవడమేగా! ఎవరైనా అరుస్తారు."

అవ్వ చెట్టు దిగి పై కొండవైపు వెళ్ళిపోయింది.

మర్నాడు కాపలాకి గొరవంక వచ్చింది. చుక్కమ్మ అనే దుప్పి అప్పుడే తొలిచూలు ఈనింది. అలవాటుగా చెట్టు కిందికొచ్చి తలెత్తి చూసింది.

"రేపూ నువ్వే ఉంటావా?" అని అడిగింది.

"ఏమో అక్కా, రేపెవరొస్తారో!" అంది గొరవంక.

రేపుండేదో ఊడేదో తెలీనిదానికి చుక్కమ్మ కన్నబిడ్డ చోటు ఎలా చెబుతుంది? మీ అమ్మయినా చెబుతుందా? చెప్పకుండానే మేతకి పోయింది. ఆ మర్నాడు పాలపిట్ట వచ్చింది. దానికీ చెప్పలేదు. తర్వాత నల్లటి ఏట్రింత పిట్ట వచ్చిన రోజున చుక్కమ్మ అసలు చెట్టు కిందికే రాలేదు. మిగతా తల్లులూ అంతే.

ఆ రోజే రేచుకుక్కలు వచ్చాయి.

పాపం, ఏట్రింత తప్పేం చేయలేదు. గొంతు చించుకుని అరిచింది. మందంతా పరుగెత్తి బతికింది. కుక్కలు వెలగచెట్టు కింది పొదవైపు తిరిగాయి. "దూరంగా పోతున్నాయి, గండం గడిచింది" అనుకుంది ఏట్రింత.

చుక్కమ్మ కూన ఉన్నది ఆ పొదలోనే. చుక్కమ్మ తిరిగొచ్చేసరికి అక్కడ నలిగిన గడ్డి తప్ప ఏమీ లేదు.

"నీ కళ్ళేం చేస్తున్నాయే?" అని దొర మండిపడ్డాడు.

"అరవమన్నావు, అరిచాను దొరా! అక్కడ కూన ఉందని నాకెవరు చెప్పారు?" అని ఏట్రింత ఏడ్చింది.

దొర తల్లులవైపు చూశాడు. ఒక్కతీ తలెత్తలేదు.

అప్పుడు పరుగున పై కొండకి పోయాడు. నల్లమూతి అవ్వ అక్కడొక మద్దిచెట్టు మీద కూర్చుని ఉంది.

"అవ్వా, బుద్ధి వచ్చింది. తిరిగి రా."

"నువ్వొచ్చి వెళ్ళాక వీళ్ళకీ ఒక కూన పోయింది దొరా. కాళ్ళావేళ్ళా పడి నన్ను నిలుపుకున్నారు. ఈ తల్లులు పొద్దున్నే నా చెవిలో చెప్పి వెళ్ళారు. ఆ బిడ్డల్ని వదిలి ఎలా రాను?" అంది అవ్వ.

దొర ఒంటరిగా కొండ దిగాడు. ఆనాటి నుంచి ఇప్పచెట్టు కింద తనే కాపలా నిలబడ్డాడు.

మరుసటి ఏడు చుక్కమ్మ మళ్ళీ ఈనింది.

"కూనని ఏ పొదలో దాచావమ్మా?" అని దొర మెల్లిగా అడిగాడు.

"చెప్పను దొరా," అంది చుక్కమ్మ. "రేపు నీకు ఇంకేం తోస్తుందో!"

అని, వెనక్కి చూడకుండా మేతకి వెళ్ళిపోయింది.

నీతి: పని ఎవరిచేతనైనా చేయించుకోవచ్చు, నమ్మకం కావాలంటే మాత్రం పనిచేసేవాళ్ళని నిలుపుకోవాలి.