మోటపాటలో మరిచిన సగం

ఊరి పేరుతో మనకేం పని గానీ, ఆ పెరటి సంగతి చెబుతాను వినండి. చుట్టూ తుమ్మకంప, ఒక మూల పశువుల కొట్టం, దాన్ని ఆనుకుని కోళ్లగూడు. పొద్దు వాలే వేళకు యజమాని కుక్కను వెంటబెట్టుకుని మోటారు వేయడానికి చేనుకు పోయేవాడు. ఆయన అటు పోగానే ఇటు పెరట్లో పాటల పంపకం మొదలయ్యేది.

దానికొక పద్ధతి ఉంది. ఎక్కడైనా కొత్త పాట వింటే తెచ్చి పాడాలి. లేదంటే మరుగున పడ్డ పాత పాటను తవ్వి తీయాలి. పాడేశాక దాని మీద ఎవరికీ పెత్తనం లేదు, నచ్చినవాళ్లు నేర్చుకోవచ్చు. కాకి మైకు స్తంభం మీద కూర్చుని సినిమా పాటలు మోసుకొచ్చేది. గాడిద పెళ్లి ఊరేగింపుల వెనక తిరిగి బ్యాండు మేళం పట్టుకొచ్చేది. మేక గుట్టమీది కాపరుల పాటలు తెచ్చేది. కోడిపెట్ట అరుగు మీది ముసలమ్మ పాడే జోలపాట తెచ్చి, సగంలో తనే కునుకు తీసేది.

ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. పాట నడుస్తున్నంతసేపూ అందరూ కళ్లు మూసుకోవాలి. ఇది గాడిద పట్టుబట్టి పెట్టించింది. అది పాడేటప్పుడు దాని ముఖం చూసి అందరూ పడీపడీ నవ్వారట. "చెవులతోని వినేదానికి కండ్లెందుకే మీకు?" అని ఒకటే ఏడుపు. న్యాయమే కదా!

అందరూ తలొక పాట తెస్తుంటే ముసలి ఎద్దు మైలోడు మాత్రం రోజూ ఒకే పాట ఎత్తుకునేవాడు. అదీ సగమే.

"పొద్దు పొడిచెర నడువు జోడెద్దా,
గంగ పైకొచ్చెర నడువు జోడెద్దా..."

అలా పాడుతూ, పాడుతూ, కళ్లు మూసుకునే నాలుగడుగులు ముందుకు వేసేవాడు. అక్కడ పాట తెగేది. తర్వాత ఏమిటో తెలియక ఉన్నచోటే నిలబడిపోయేవాడు.

"పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టున్నది తాతా నీ వరస," అంది కాకి ఒకరోజు. "మిగిలింది ఎప్పుడు పాడుతవ్?"

"యాదికొస్తలేదు బిడ్డా."

"రాకుంటే ఇడిసిపెట్టు. మైకులల్ల బోలెడు పాటలు."

"ఎద్దు పుండు కాకికి నొప్పా అని ఊకెనే అన్నరా?" అని కోడిపెట్ట గూట్లోంచి కసిరింది.

మైలోడి బాధ వేరు. మోటారు రాకముందు బావి మీద మోట ఉండేది. దానికి మైలోడు, కర్రోడనే ఇంకో ఎద్దు జోడు. తోలు బొక్కెన తాడు లాగుతూ ఇద్దరూ వాలులో కిందికి నడిస్తే బొక్కెన పైకొచ్చి నీళ్లు కాలువలో పడేవి. మళ్లీ ఇద్దరూ వెనకడుగు వేస్తూ వాలు ఎక్కితే బొక్కెన బావిలోకి దిగేది. మోట తోలే మనిషి దిగేటప్పుడు ఒక సగం, ఎక్కేటప్పుడు ఒక సగం పాడేవాడు. ఒక ఎండాకాలం కర్రోడు పోయాడు. ఆ వెనకే మోటారొచ్చింది. పాడే మనిషీ లేడు, మోటా లేదు. రెండో సగం మైలోడి తలలోంచి ఎప్పుడు జారిపోయిందో వాడికే తెలియదు. ఆ రెండో సగంలోనే కర్రోడి భుజం తన భుజానికి తగిలేది. అది గుర్తొస్తే వాడు ఒక్క పూటైనా తిరిగొచ్చినట్టుంటుందని మైలోడి ఆశ. ఎంత పచ్చగడ్డి వేసినా ఆ ఆకలి తీరేది కాదు.

ఇప్పుడు మైలోడికి ఉన్న పనల్లా ఒక్కటే. కోళ్లగూటి తలుపుకు గొళ్లెం ఊడిపోయింది. పొద్దువాలాక దానికి పిర్ర ఆనించి నిలబడితే అదే గొళ్లెం.

ఇదంతా కంప అవతల కూర్చుని రోజూ వినే నక్క ఒకటుంది. విన్న పాటలన్నీ మూట కట్టుకునేదే గానీ, ఏనాడూ ఒక్కటి విప్పి ఎరగదు. ఆ సాయంత్రం అది గొంతు సవరించుకుంది.

"దండాలు మామా. నీ పాటల మిగిలిన సగం నాకొస్తది."

మైలోడు చెవులు రిక్కించి కంప వైపు తిరిగాడు. "నీకెట్లొస్తది?"

"నేను పిల్లగున్నప్పుడు పక్కూరి మోటబాయి వాలు కిందనే మా బొరియ. పొద్దంతా నెత్తి మీద గదే పాట."

ఇది నిజమే. నక్క నోట నిజం వస్తే ఇంకా జాగ్రత్తగా ఉండాలని మైలోడికి తోచలేదు.

"మరి ఇన్నొద్దులు చెప్పవైతివి?"

"అడగంది అమ్మయినా పెట్టదు గదా మామా! కాకుంటే కంప బయటనుంచి పాడితే వరస చెడుతది. లోపలికొచ్చి నీ చెవుల పాడుత."

"నక్క వినయం నాకెరుకలేదా?" అంది కోడిపెట్ట. "తాతా, గూట్లె నా పిల్లలున్నయ్."

"పాట తెచ్చినోళ్లను ఎల్లగొట్టుడు మన పద్ధతి కాదు," అంది గాడిద.

మైలోడు తల వంచుకున్నాడు. "ఒక్కసారి విననియ్యి బిడ్డా. తలుపు ఇడువను. మాట." అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. కాళ్లను మాత్రం అడగలేదు.

నక్క కంప సందులోంచి దూరి వచ్చింది. అందరూ కళ్లు మూసుకున్నారు. కోడిపెట్ట మూసుకోలేదు. తల్లికి కట్టుబాటేమిటి?

నక్క లెక్క నక్కకుంది. మొదటి సగం పాడితే ఎద్దు ముందుకు నడుస్తాడు, అక్కడే రాయిలా నిలబడతాడు, రోజూ చూస్తున్నదే. తను వెనక్కి పోయి, రెండో సగం పాడుతూ తలుపు తీసి, చివరి మాట అనగానే ఒక పిల్లను కరుచుకుని పరుగు. రెండో సగానికి ఎద్దు ఏం చేస్తాడో అది చూడలేదు. బొరియలో పడుకున్న జీవి, పాట విన్నదే గానీ పని చూసింది ఎక్కడ?

"పొద్దు పొడిచెర నడువు జోడెద్దా..." అని నక్క అందుకుంది. మైలోడి కాళ్లు వాడి మాట వినలేదు. ఒక్కొక్క అడుగే ముందుకు పడింది. తలుపు కిర్రుమంది. పాట చెవి దగ్గర నుంచి వెనక్కి వెళ్లింది.

"బొక్కెన వంగెర మెల్లగ జోడెద్దా,
పక్కన నేనున్న మెల్లగ జోడెద్దా..."

పక్కన నేనున్న! ఇదే, ఇదే తను మరిచిపోయిన మాట. మైలోడి కళ్ల వెంట నీళ్లు కారాయి. ఎడమ భుజం కర్రోడి కోసం కొంచెం వాలింది. ఎన్నేళ్లుగానో ఆగిపోయిన కాళ్లు ఒంటి బరువంతా వేసుకుని వెనక్కి, వెనక్కి, వాలు ఎక్కుతున్నట్టే నడిచాయి.

ధడాలుమని తలుపు మూసుకుంది. నక్క తల గూడు లోపల, ఒళ్లు బయట, తోక మైలోడి గిట్ట కింద. లోపల కోడిపెట్ట ఎప్పటినుంచో కాచుకుని ఉంది. ముక్కు మీద పొడిచిన పోటుకు నక్క పెట్టిన కేకతో అందరూ కళ్లు తెరిచారు.

"నక్క తోక తొక్కినవ్ తాతా!" అని గాడిద ఎగిరింది.

మైలోడికి జరిగింది అర్థమైంది. మాట తప్పానని ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత కళ్లు తుడుచుకోకుండానే నవ్వాడు.

"మామా, జరుగు, నడుం ఇరుగుతున్నది!"

"ఎట్ల జరగాలె అల్లుడా? ఎవలన్న మొదటి సగం పాడితేనే నా కాళ్లు ముందటికి పోతయ్. అది మావోళ్లకు వచ్చు, వాళ్లు పాడుతరు. వాళ్లకు రానిది రెండో సగం. అది నువ్వు నేర్పియ్యి."

నక్క మూలుగుతూ పాడింది. కాకికి వరస అందలేదు, మళ్లీ పాడింది. మేకకు మాట తడబడింది, మళ్లీ పాడింది. గాడిదకు ఇంకా చాలాసార్లు పాడాల్సి వచ్చింది. అందరికీ వచ్చాక పెరడంతా మొదటి సగం ఎత్తుకుంది. మైలోడు ముందుకు నడిచాడు. నక్క కంపలో సగం బొచ్చు వదిలేసి, వెనక్కి చూడకుండా పోయింది.

మర్నాడు సాయంత్రం పాట మొత్తం నడిచింది. గాడిద దాన్ని బ్యాండు వరసలో పాడింది, కాకి సినిమా ఫక్కీలో పాడింది. మైలోడు ముందుకు వెళ్లి, వెనక్కి వచ్చి, తలుపుకు ఆనుకున్నాడు.

"తాతా, నడిమికి నడువక ఓ పక్కకు ఒదిగి నడుస్తవేంది?" అని అడిగింది కోడిపెట్ట.

"అటు దిక్కు కర్రోడిది బిడ్డా."

పాట దొరికినా కర్రోడు దొరకలేదు, మైలోడికి ఆ సంగతి తెలుసు. "పక్కన నేనున్న" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పెరడంతా గొంతు కలిపింది. మైలోడు మెల్లగా కళ్లు మూసుకున్నాడు.

దాచుకున్న పాట దొంగనే పట్టిస్తుంది, పంచుకున్న పాట కష్టంలో పక్కన నిలబడుతుంది.